శివారు స్టేషన్ల దగ్గర మా బండ్లకు చోటు చూపండి: హైదరాబాద్ రవాణా అధికారులకు బహిరంగ లేఖ

హైదరాబాద్ నగరంలో మెట్రో రైలు, ఆర్టీసీ, పురపాలన, ట్రాఫిక్ నియంత్రణ బాధ్యతలు నిర్వహిస్తున్న అధికారులకు,

విషయం: నగర శివారు స్టేషన్లు, బస్ టెర్మినళ్ల వద్ద సొంత వాహనం నిలిపి రైలు లేదా బస్సు ఎక్కే ప్రయాణికులకు తగిన పార్కింగ్ ఏర్పాట్లు కోరుతూ.

గౌరవనీయులైన అధికారులకు నమస్కారాలు.

నేను ఔటర్ రింగ్ రోడ్డుకు కాస్త ఇవతల ఉన్న ఒక కాలనీలో కుటుంబంతో ఉంటూ, నగరానికి అవతలి వైపున ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగినిని. రోజూ ఉదయం ఏడున్నరకు స్కూటీ మీద బయలుదేరి, తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని మెట్రో స్టేషన్ దగ్గర బండి నిలిపి, అక్కడి నుంచి రైల్లో వెళతాను. మా కాలనీలోనూ చుట్టుపక్కలా నాలాగే ప్రయాణించేవాళ్లు చాలామంది ఉన్నారు. స్టేషన్ దగ్గర బండి పెట్టుకునే చోటు చాలడం లేదని, ఉన్న చోట కనీస వసతులు లేవని చెబుతూ గత ఏడాదిన్నరలో మేమంతా సంతకాలు చేసి మూడుసార్లు వినతిపత్రాలు ఇచ్చాం. మొదటి రెండుసార్లు ముద్ర వేసిన రశీదు చేతికిచ్చారు, ఆ తర్వాత కబురు లేదు. మూడోసారి ఆ స్థలం తమ పరిధిలోకి రాదని, పక్క శాఖను అడగమని చెప్పారు. పక్క శాఖకు వెళితే, స్థలం తమదే అయినా నిర్వహణ వేరేవాళ్లదన్నారు. ఎవరి మీదా కోపంతో ఈ లేఖ రాయడం లేదు. ఆఫీసు గదుల్లో చెప్పుకున్నది ఎవరి చెవికీ ఎక్కనందువల్ల ఇప్పుడు నలుగురి ముందు రాస్తున్నాను.

మేం అడుగుతున్నది మనకు కొత్తదేమీ కాదు. ఊళ్లో పెరిగినవాళ్లందరికీ బస్టాండు పక్కన రేకుల షెడ్డు కింద నడిచే సైకిల్ స్టాండు గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే పల్లె నుంచి నాలుగైదు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చి, సైకిలు అక్కడ అప్పజెప్పి, అట్టముక్క టోకెను జేబులో వేసుకుని పట్నం బస్సెక్కేవాళ్లు. కాలేజీ పిల్లలు, గుమాస్తాలు, బడిపంతుళ్లు నెలకింతని మాట్లాడుకునేవాళ్లు. మా నాన్నగారు ఇరవై ఏళ్లు అలాగే ఉద్యోగం చేశారు. దాన్నే ఇప్పుడు పార్క్ అండ్ రైడ్ అంటున్నాం. ఇంటి నుంచి పెద్ద మార్గం దాకా సొంత బండి, అక్కడి నుంచి పదిమందితో కలిసి రైలో బస్సో. ఊరి చివర ఆగిన బండి ఇక ఆ రోజంతా నగరం మధ్యలోని సిగ్నల్ దగ్గర నిలబడదు, ఆఫీసు ముందు ఫుట్‌పాత్‌ను ఆక్రమించదు. దాన్ని అక్కడ ఆపినందువల్ల కలిగే లాభంలో ఎక్కువ పాలు ఆ దారిన వెళ్లే బస్సుకు, అంబులెన్సుకు, బడిపిల్లల ఆటోకు దక్కుతుంది.

ప్రభుత్వ విధానాలు కూడా ఈ మాటే చెబుతున్నాయి. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం, ప్రజారవాణాకు మారే చోట్ల వాహనాలు, ముఖ్యంగా సైకిళ్లు నిలుపుకునే వసతి ఉండాలని సూచించింది. 2017లో వచ్చిన మెట్రో రైలు విధానం, స్టేషన్‌కు ఇరువైపులా ఐదు కిలోమీటర్ల మేర జనం స్టేషన్‌కు చేరే ఏర్పాట్లు చేస్తామని రాష్ట్రాలు ప్రాజెక్టు నివేదికలోనే హామీ ఇవ్వాలని కోరింది. అదే ఏడాది నవంబరు 29న మన మెట్రో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 2020 ఫిబ్రవరికి మూడు మార్గాల్లో కలిపి 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు పూర్తయ్యాయి. రైలు ఆ హద్దుల దగ్గరే ఆగిపోయింది, ఊరు మాత్రం ఆగలేదు. మియాపూర్ అవతల బీరంగూడ, పటాన్‌చెరు వైపు, ఉప్పల్ అవతల బోడుప్పల్, పీర్జాదిగూడ, ఘట్‌కేసర్ వైపు, ఎల్బీనగర్ అవతల హయత్‌నగర్, తుర్కయంజాల్ వైపు కొత్త కాలనీలు ఏటా పుట్టుకొస్తూనే ఉన్నాయి. ఇళ్ల ధర అందుబాటులో ఉందని అక్కడికి వెళ్లిన మధ్యతరగతి కుటుంబాల భారమంతా చివరి స్టేషన్ల మీదే పడుతోంది. చివరి స్టేషన్‌కూ నడిమధ్య స్టేషన్‌కూ ఒకే కొలత వర్తించదన్న సంగతిని ఏర్పాట్లలో ఎక్కడా గుర్తించినట్టు కనిపించదు.

2024 ఆగస్టులో నాగోల్ స్టేషన్ దగ్గర అప్పటిదాకా ఉన్న ఉచిత పార్కింగ్‌ను ఎత్తివేయబోయినప్పుడు ప్రయాణికులు నిరసన తెలిపిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నిర్ణయం అప్పటికి వాయిదా పడింది, తర్వాత రుసుము వచ్చింది. ఆ రోజు అక్కడ నిలబడినవాళ్లను పది రూపాయల కోసం గొడవ చేసినవాళ్లుగా చూసినంత కాలం ఈ సమస్య అర్థం కాదు. వాళ్లు అడిగింది రైలు ప్రయాణం ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్న. మా లెక్కలో అది ఇంటి గుమ్మం దగ్గర మొదలవుతుంది. మీ లెక్కలో టికెట్ గేటు దగ్గర మొదలవుతుంది. మధ్యలో ఉన్న తొమ్మిది కిలోమీటర్లు, బండి ఆగే ఆరడుగుల చోటు ఎవరి బాధ్యతా కాకుండా పోయాయి.

నేను రోజూ చూసేదాన్ని ఉన్నదున్నట్టు రాస్తాను. ఉదయం ఎనిమిదింబావుకల్లా మా స్టాండు నిండిపోతుంది. అక్కడ పనిచేసే కుర్రాడు "అక్కా, హ్యాండిల్ లాక్ వేయొద్దు" అంటాడు. వేస్తే వెనక వచ్చిన బండ్లను ఇరికించడానికి ముందున్నవాటిని పక్కకు లాగడం కుదరదు. తాళం వేయకుండా వెళితే సాయంత్రం బండి ఏ మూలన ఉంటుందో తెలియదు, ఒక అద్దం వంగిపోయి ఉంటుంది. గత వానాకాలంలో ఒకరోజు పది నిమిషాలు ఆలస్యమై చోటు దొరకక, పక్క వీధిలో ఒక మూసి ఉన్న షట్టర్ ముందు పెట్టాను. రాత్రి ఎనిమిదిన్నరకు తిరిగొచ్చేసరికి ముందు చక్రానికి ఇనుప తాళం బిగించి ఉంది. తాళం వేసినవాళ్లు తమ పని తాము చేశారు, ఆ వీధిలో బండి పెట్టడం తప్పేనని ఒప్పుకుంటున్నాను. కాగితం మీద రాసిన నంబరుకు ఫోన్ చేసి, జరిమానా కట్టి, తాళం తీయించుకునేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఆ గంటసేపూ నాతో పాటు చెట్టు కింద తడుస్తూ నిలబడినవాళ్లు మరో ముగ్గురు. అందులో ఒకావిడ ఇంట్లో ఏడేళ్ల పిల్ల ఒంటరిగా ఉందని పక్కింటివాళ్లకు ఫోన్ మీద ఫోన్ చేస్తూనే ఉంది.

ఈ పరిస్థితి సామాన్య ప్రయాణికుల మీద ఎలా పడుతోందో కింద తెలుపుతున్నాను.

1. ఖర్చు. 2025 మే నెలలో ఛార్జీలు సవరించి, ఆపై పది శాతం తగ్గింపు ఇచ్చాక మెట్రో గరిష్ఠ ఛార్జీ రూ.69గా నిలిచింది. నాలాగా ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేవాళ్లకు రానూపోనూ రూ.138. ఇంటి నుంచి స్టేషన్‌కు రానూపోనూ 18 కిలోమీటర్లకు, స్కూటీ లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తుందనుకుని, పెట్రోలు లీటరు రూ.107 లెక్కన చూస్తే సుమారు రూ.39. మొత్తం రూ.177. అదే ఇంటి నుంచి ఆఫీసు దాకా స్కూటీ మీదే వెళితే 34 కిలోమీటర్ల చొప్పున రానూపోనూ 68 కిలోమీటర్లకు సుమారు రూ.146 అవుతుంది. అంటే పార్కింగ్ రుసుము కలపకముందే రైలెక్కేవాళ్లు రోజుకు ముప్ఫై రూపాయలు ఎక్కువ పెడుతున్నారు. దుమ్ము, పొగ, నడుంనొప్పి తప్పుతాయని, లారీల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడపనక్కర్లేదని ఆ ముప్ఫై భరిస్తున్నారు. దాని మీద పార్కింగ్‌కు రోజుకు ఇరవై రూపాయలు అనుకున్నా, 25 పనిదినాలకు నెలకు రూ.500 అవుతుంది. పాతికవేల లోపు జీతంతో, ఇంటి అద్దె కడుతూ ఇద్దరు పిల్లల్ని చదివించుకునే ఇంట్లో ఆ ఐదువందలు దేనికి వాడుకోవచ్చో నేను విడమరచి చెప్పనక్కర్లేదు. మా ఆఫీసులోనే ఇద్దరు రైలు మానేసి మళ్లీ బండెక్కారు. ఇప్పుడు ఆ రెండు బండ్లూ ఉదయం తొమ్మిదిన్నరకు నగరం మధ్యలోని ఏదో ఒక సిగ్నల్ దగ్గర ఆగి ఉంటున్నాయి.

2. బస్సెక్కే మహిళలు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. శివారు కాలనీల లోపలికి బస్సు రాదు కాబట్టి చాలామంది స్కూటీ మీదో, ఇంట్లోవాళ్లు దింపితేనో టెర్మినల్‌కు వస్తారు. టెర్మినల్ దగ్గర బండి పెట్టుకునే సరైన చోటు లేకపోతే, టికెట్ డబ్బులు కట్టకుండా వెళ్లగలిగే ఆ బస్సు వాళ్లకు ఉన్నా లేనట్టే.

3. రాత్రి వేళ భద్రత. ఆసుపత్రుల్లో, దుకాణాల్లో, మాల్స్‌లో పనిచేసేవాళ్లు ఆఖరి రైళ్లలో దిగుతారు. స్టేషన్ లోపల దీపాలు, కెమెరాలు, సిబ్బంది ఉంటారు. మెట్లు దిగి స్టాండులోకి అడుగుపెట్టాక ఒక మూల లైటు వెలగదు, ఇంకో మూల బురద. ఫోన్ టార్చి వేసుకుని నంబరు ప్లేట్లు చూసుకుంటూ బండి వెతుక్కోవలసి వస్తోంది. కూతుళ్లు బండి మీద స్టేషన్‌కు వెళతామంటే వద్దని, ఆటోకు డబ్బులిచ్చి పంపే తల్లిదండ్రులు మా కాలనీలో ఉన్నారు. వాళ్లను భయస్తులని నేను అనలేను.

4. స్టేషన్ చుట్టుపక్కల నివాసులు. చోటు దొరకని బండ్లన్నీ పక్క వీధుల్లోకి వెళతాయి. ఇంటి గేటు ముందు బండి పెట్టి పదిగంటలు మాయమయ్యేవాళ్ల మీద అక్కడివాళ్లకు కోపం రావడం న్యాయమే. రోజూ జరిగే ఈ తగాదాలకు ఇరుపక్షాలూ కారణం కాదు.

5. వేళకు చేరడం. చోటు దొరుకుతుందో లేదో తెలియని మనిషి ఇరవై నిమిషాలు ముందు బయలుదేరాలి. బయోమెట్రిక్ హాజరు ఉన్న కొన్ని ఉద్యోగాల్లో నెలకు మూడు ఆలస్యాలైతే ఒక రోజు సెలవు పోతుంది.

పార్కింగ్ స్థలం చూపించినంత మాత్రాన ట్రాఫిక్ తగ్గిపోతుందని నేను చెప్పడం లేదు. సింగపూర్ 1975 జూన్‌లో నగర కేంద్రంలోకి వచ్చే కార్లకు రుసుము పెట్టి, కేంద్రానికి అంచున వేల కార్లు పట్టే పార్కింగ్ స్థలాలు, అక్కడి నుంచి షటిల్ బస్సులు ఏర్పాటు చేసింది. రుసుము వల్ల కేంద్రంలోకి వచ్చే కార్లు తగ్గాయి గానీ, ఆ పార్కింగ్ స్థలాలు మాత్రం చాలా భాగం ఖాళీగా మిగిలిపోయాయి. దాదాపు గమ్యం దాకా కారులో వచ్చినవాళ్లు చివరి కాస్త దూరానికి దిగి బస్సు మారడానికి ఇష్టపడలేదు. కొందరు నేరుగా బస్సుకు మారారు, కొందరు నలుగురు కలిసి ఒకే కారులో రావడం మొదలుపెట్టారు. చోటు రద్దీ మొదలవ్వకముందే, ఊరి చివరే ఉండాలన్నది అక్కడ తేలిన విషయం. 1973 నుంచి ఈ పద్ధతి నడుపుతున్న ఆక్స్‌ఫర్డ్‌లో నగరం చుట్టూ, ప్రధాన రహదారులు ఊళ్లోకి ప్రవేశించే చోట ఐదు స్థలాలున్నాయి. నగరం లోపల కారు నిలపడం కష్టం, ఖరీదు. బయట నిలిపి బస్సెక్కడం సులువు. ఈ రెండూ కలిసి ఉండబట్టే అది ఇన్నేళ్లు నిలిచింది.

బ్రిటన్‌లోనే ఈ పద్ధతి మీద ఒక గట్టి విమర్శ కూడా ఉంది. ఇంటి దగ్గరే బస్సెక్కే అలవాటున్నవాళ్లు పార్కింగ్ దొరుకుతోందని కారు తీసి సగం దూరం దానిమీద రావడం మొదలుపెడతారని, అప్పుడు శివారు రోడ్ల మీద బండ్లు పెరుగుతాయని అక్కడి పరిశోధకులు చూపించారు. ఆ హెచ్చరిక మనకూ వర్తిస్తుంది. అందుకే మేం కార్ల కోసం పెద్ద పెద్ద మైదానాలు అడగడం లేదు. ఒక కారు ఆగే చోట ఐదారు ద్విచక్ర వాహనాలు ఆగుతాయి, సైకిళ్లయితే ఇంకా ఎక్కువ. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ రైల్వే స్టేషన్ దగ్గర 2019లో పూర్తయిన సైకిల్ స్టాండులో 12,500 సైకిళ్లు పడతాయి, మొదటి 24 గంటలకు రుసుము లేదు. మన నగరంలో శివారు నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఉన్నది స్కూటీనో బైకో కాబట్టి, తక్కువ స్థలంతో ఎక్కువమందిని రైలెక్కించే వీలు మనకు ఇంకా ఎక్కువ. నాంపల్లిలో కట్టినలాంటి బహుళ అంతస్తుల పార్కింగ్ ఆ ప్రాంతానికి పనిమీద వచ్చేవాళ్లకు ఉపయోగపడవచ్చు. అది నగరం లోపలికి వచ్చిన బండిని సర్దడానికి కట్టినది, లోపలికి రాకుండా ఆపేది కాదు. రెండింటినీ ఒకే పద్దులో రాసి పార్కింగ్ సమస్య తీరుతోందని చెప్పవద్దని మనవి.

ప్రైవేటు సంస్థ నడుపుతూ వచ్చిన మెట్రో మొదటి దశను రాష్ట్ర ప్రభుత్వమే తన చేతుల్లోకి తీసుకోవాలని 2025 సెప్టెంబరులో నిర్ణయం వెలువడింది. పార్కింగ్ స్థలాలను ఆదాయవనరుగా మాత్రమే చూసే లెక్కను మార్చడానికి ఇంతకంటే తగిన సమయం రాదు. అందుచేత మేం కోరుతున్నవి ఇవి.

అన్నిటికంటే ముందు, రైలెక్కిన మనిషికి స్టాండు రుసుము టికెట్‌లోనే కలిసిపోవాలి. మెట్రో కార్డుతో స్టాండులోకి వచ్చి, అదే కార్డుతో రైలెక్కి, అదే రోజు తిరిగొచ్చినవాళ్ల ద్విచక్ర వాహనానికి రుసుము ఉండకూడదు. రైలెక్కకుండా పక్కనున్న దుకాణాలకు వచ్చి బండి పెట్టేవాళ్ల దగ్గర రుసుము తీసుకోండి, మాకు అభ్యంతరం లేదు. ఇది వెంటనే కుదరదంటే కనీసం రోజువారీ రుసుములో సగానికి నెలవారీ పాసు ఇవ్వండి. మాల్స్, మల్టీప్లెక్సుల్లో పార్కింగ్ వసూళ్లను అదుపు చేస్తూ 2018 మార్చిలో ప్రభుత్వం జీవో 63 తెచ్చింది. సినిమాకు వెళ్లినవాళ్లకు ఇచ్చిన ఆ రక్షణ ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు కూడా ఇవ్వాలని అడుగుతున్నాం.

రెండోది, మియాపూర్, నాగోల్, ఎల్బీనగర్ లాంటి చివరి స్టేషన్ల పరిసరాల్లో ప్రభుత్వ శాఖల చేతిలో ఖాళీగా ఉన్న స్థలాలను గుర్తించి, ఆ జాబితాను ప్రజల ముందు పెట్టండి. వాటిలో ద్విచక్ర వాహనాలకు, సైకిళ్లకు పైకప్పుతో రెండంతస్తుల స్టాండ్లు కట్టవచ్చు. ఆర్టీసీ శివారు టెర్మినళ్లకూ, ఎంఎంటీఎస్ (నగర లోకల్ రైళ్ల) స్టేషన్లకూ ఇదే వర్తింపజేయాలి. మెట్రో రెండో దశలో రాబోయే మార్గాలకు స్టేషన్ నమూనాతో పాటే స్టాండు నమూనా కూడా ఆమోదం పొందాలి. స్తంభాలు లేచాక చోటు వెతకడం ఎంత కష్టమో మొదటి దశ చూపించింది.

ఉన్న స్టాండ్లలో వెలుగుతున్న దీపాలు, పనిచేసే కెమెరాలు, వానకు తడవని పైకప్పు, గీతలు గీసిన వరుసలు, మహిళలకు ప్రవేశం దగ్గరలో కొంత చోటు, ఆఖరి రైలు వచ్చాక అరగంట దాకా ఒక మనిషి ఉండాలి. వీటికి కొత్త విధానమేదీ అవసరం లేదు, నెల రోజుల పని. ఎన్ని చోట్లు ఖాళీ ఉన్నాయో స్టేషన్ యాప్‌లో ఉదయం ఆరు నుంచి కనిపిస్తే, నిండిన స్టాండు దాకా వచ్చి పక్క వీధిలోకి మళ్లే బాధ తప్పుతుంది.

స్టాండ్లతో పాటు కాలనీల్లోకి చిన్న బస్సులు కూడా రావాలి. బండి లేనివాళ్లు, నడపలేనివాళ్లు, వృద్ధులు ఉన్నారు. వాళ్లను వదిలేసి బండి ఉన్నవాళ్లకే ఏర్పాట్లు చేయమని మేం అడగం. చిన్న బస్సు వేళకు వస్తే నేనే స్కూటీ ఇంట్లో పెట్టి వస్తాను.

చివరిగా, బాధ్యత ఎవరిదో తేల్చండి. అన్ని రవాణా శాఖలనూ ఒకచోట కూర్చోబెట్టే ఉమ్మడి వ్యవస్థకు 2008 నాటి హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చట్టంలోనే చోటుంది. ఆ వ్యవస్థ కింద ప్రతి చివరి స్టేషన్‌కూ ఒక అధికారిని నియమించి, ఆ పేరు, ఫోన్ నంబరు స్టాండు గోడ మీద రాయించండి. స్థలం ఒకరిది, నిర్వహణ ఇంకొకరిది, జరిమానా మరొకరిది అయినంత కాలం మా వినతిపత్రాలు బల్లల మధ్య తిరుగుతూనే ఉంటాయి.

ఈ లేఖ అందిన ముప్ఫై రోజుల్లోగా, పై కోరికల్లో ఏది ఎప్పటికి చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. కుదరదన్న జవాబు కూడా మాకు జవాబే, దాని మీద మాట్లాడుకోవచ్చు. ఈలోగా మీలో ఎవరైనా ఏదైనా పనిదినాన ఉదయం ఎనిమిది గంటలకు ఒక చివరి స్టేషన్ స్టాండు దగ్గరికి సొంత బండి మీద రండి. చోటు వెతుక్కుని, బండి నిలిపి, మాతో పాటు రైలెక్కి, రాత్రి ఎనిమిదిన్నరకు తిరిగొచ్చి ఆ బండి తీసుకుని ఇంటికి వెళ్లండి. ఏ రోజు వస్తారో ముందుగా చెబితే మేం అక్కడ ఉంటాం.

ఇట్లు,
శివారు నుంచి రోజూ బండి నిలిపి రైలెక్కే ఒక ప్రయాణికురాలు,
తోటి ప్రయాణికుల తరఫున